వేచియుండువానికి చెప్పవలసిన మాట

ఒకరిని వాకిట నిలిపి లోనికి పోయినవాడు, తన పని ఎంతసేపటికి ముగియునో చెప్పిపోవుట లోకమర్యాద. అంత తెలియనిచో "ఇదిగో, వచ్చుచున్నాను" అని నడుమ నడుమ ఒక కేక వేయుటయు మర్యాదయే. ఏ మాటయు లేక గంటసేపు నిలువబెట్టినచో వచ్చినవాడు అలుగును. లేదా లోపల ఎవరును లేరనుకొని వెడలిపోవును. ఈ మర్యాద మనుష్యులకే గాక యంత్రములకును వర్తించునా, వర్తించినచో ఎంతమేరకు, అనునదే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము. తెలుగు పండితులకు కంప్యూటరుతో పనియేమని కొందరు విద్యార్థులు నవ్వవచ్చును. కాని ఈ ప్రశ్న మాకు తటస్థించినది మన పాఠశాల కంప్యూటరు గదియందే. అందు మా తప్పును కొంత కలదు. కావున చెప్పు బాధ్యతయు మాదేయని తలంచుచున్నాము.

ఒకనాడు గణితోపాధ్యాయులు సెలవులో నుండుటచే ఆ గది కాపలా మాపై బడినది. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లినక్సు యంత్రమున తెలుగు టైపు నేర్చుకొనుటకై ఒక ప్యాకేజీని చేర్చుచుండెను. నల్లతెరపై ఆజ్ఞ వ్రాసి మీట నొక్కెను. కొన్ని ఆంగ్ల వాక్యములు గబగబ పరుగెత్తి, ఆపైన నిలిచిపోయినవి. తెర నిడుగల్లు కొండవలె కదలక మెదలక యుండెను. పది నిమిషములు చూచి బాలుడు మావైపు చూచెను. మేము తెరవైపు చూచితిమి. "నిలిచిపోయినట్లుంది సార్" అనెను. "అట్లే యున్నది, ఆర్పివేయుము" అంటిమి. వాడు స్విచ్చి ఆర్పెను. మరునాడు ఆ యంత్రము క్రొత్త ప్యాకేజీ దేనిని చేర్చుకొనుటకును ఒప్పుకొనలేదు. మూటలు సగము విప్పబడి సగము సర్దబడక మిగిలినవని, మొదట వానిని చక్కబెట్టవలెనని గణితోపాధ్యాయులు వివరించిరి. యంత్రము పాతది, దాని డిస్కు మందగామి. లోపల పని జరుగుచునే యుండెనట! పనిచేయువానిని పని మానినవానిగా భావించి, చేతిలోని పనిముట్టు లాగికొన్నట్లయినది. తప్పు బాలునిది కాదు, మాది. అయినను ఆనాటి నుండి ఒక ఆలోచన మమ్ము వీడలేదు. నోరు విప్పని యంత్రమునకు అందు పాలు లేదా?

తెలియనివారి కొరకు రెండు మాటలు. లినక్సు కుటుంబమున ప్రోగ్రాములను మూటలుగా కట్టి భాండాగారములలో నుంతురు. ఆ మూటకే ప్యాకేజీ యని పేరు. 1993లో ఆరంభమైన డెబియన్ వంటి సంస్థలు ఈ మూటలను క్రమముగా కట్టి లోకమునకు ఉచితముగా నిచ్చుచున్నవి. ప్రతి మూటపైనను తనకు తోడుగా మరి ఏ మూటలు కావలెనో వ్రాసియుండును. మనము ఒకదానిని కోరినచో, 1998లో వెలువడిన ఆప్టు అను పరికరము ఆ పట్టికను చదివి, కావలసినవాని నెల్ల ఏర్చి, దూరమునుండి తెచ్చి, విప్పి, సర్దును. ఇదంతయు బొమ్మలు లేని నల్లతెరపై, అక్షరములతో వ్రాసిన ఆజ్ఞలచేతనే సాగును. పెండ్లి సరుకులు తెచ్చు పెద్దమనిషి వంటిది ఈ పరికరము. పట్టిక ఒకటి, తెచ్చుట ఒకటి, విప్పుట ఒకటి, ఎక్కడివక్కడ సర్దుట ఒకటి. ఈ నాలుగింటిలో ఎక్కడనైనను ఆలస్యము కావచ్చును. ఎక్కడ ఆలస్యమైనదో ఇంటివారికి తెలియవలదా?

అది తెలుపుటకే కొందరు శిల్పులు నల్లతెరపై కదలెడి గుర్తులను కల్పించిరి. వాని కిటుకు మిక్కిలి సులభము. పూర్వపు టైపు యంత్రమున పంక్తి ముగియగానే బండిని వెనుకకు త్రోసెడివారు. ఆ బండి పేరుతోనే ఒక సంజ్ఞ కంప్యూటరు అక్షరముల పట్టికలో 13వ సంఖ్యగా నేటికిని నిలిచియున్నది. ఆ సంజ్ఞ నిచ్చినచో వ్రాత క్రింది పంక్తికి దిగక అదే పంక్తి మొదటికి వచ్చును. క్రొత్త వ్రాత పాతదానిపై బడును. నిలువుగీత, ఏటవాలుగీత, అడ్డుగీత, మరల ఏటవాలుగీత — ఈ నాలుగింటిని ఒకే చోట వరుసగా వ్రాసినచో బండిచక్రము తిరిగినట్లు కంటికి దోచును. చుక్కలను ఒక్కొక్కటిగా పెంచుచు బోయినచో పట్టీ నిండినట్లు తోచును. 1978లో వచ్చిన వీటీ 100 అను టెర్మినల్ మొదలుకొని తెరపై ఇచ్చవచ్చిన చోట వ్రాయుట, చెరుపుట సులభమైనది. ఆర్చ్ లినక్సు వారి ప్యాక్‌మన్ అను పరికరమున ఒక వేడుక కలదు. అమరికల పత్రమున "నాకు మిఠాయి ప్రీతి" యను అర్థముగల ఒక ఆంగ్లపదమును వ్రాసినచో, 1980 నాటి ఆటలోని పసుపుపచ్చ బొమ్మ నోరు తెరచుచు మూయుచు పట్టీలోని చుక్కలను మ్రింగుచు ముందునకు పోవును. పని ముగియుసరికి మిఠాయియు ముగియును. బాలురకు ఇది చూపినచో తరగతి యంతయు నవ్వినది. నవ్వినవారిలో ఒక్కడును స్విచ్చి వైపు చేయి చాపలేదు.

ఆప్టునందే 2014లో వచ్చిన 1.0 కూర్పున తెర యడుగున ఒక ప్రగతి పట్టీని చేర్చిరి. మా బాలుడు వాడినది పాత ఆజ్ఞ. దానియందు ఈ పట్టీ తనంతట కనబడదు. ఇటీవల, 2021 ప్రాంతమున, ఆప్టునకు పైతొడుగుగా నల యను పరికరమొకటి వచ్చి, 2023 నాటి డెబియన్ 12వ కూర్పున చోటు సంపాదించుకొన్నది. ఏయే మూటలు రానున్నవి, ఒక్కొక్కటి ఎంత బరువు అనునది ముందుగా పట్టిక వేసి చూపి, అనుమతి యడిగి, ఆపైన కదలెడి పట్టీలతో పని సాగించును. ఒకేసారి పెక్కు మూటలను దెచ్చును. మునుపు చేసిన పనుల చరిత్రయును దాచిపెట్టును.

నల యను పేరు వినగానే తెలుగువానికి సేతువును గట్టిన నలుడు జ్ఞప్తికి రాకుండునా! వాల్మీకి రామాయణ యుద్ధకాండమున ఆ సేతునిర్మాణము వర్ణింపబడిన తీరు చూడుడు. మొదటి దినమున 14 యోజనములు, రెండవ దినమున 20, మూడవనాడు 21, నాలుగవనాడు 22, అయిదవనాడు 23. మొత్తము 100 యోజనములు. "వంతెన గట్టిరి" అని ఒక్క మాటతో మహర్షి ముగింపవచ్చును. కాని ఆవలియొడ్డున సీత యున్నది, ఈవలియొడ్డున రాముడు వేచియున్నాడు. వేచియున్నవానికి దినదినపు లెక్క కావలెను. నేటికి ఎంత యైనది, రేపటికి ఎంత మిగిలినది అనునదే వాని ప్రాణము. ఆ లెక్కలో వేగము దినదినము పెరుగుటయు గమనింపదగినది. ప్రగతి పట్టీ క్రొత్త వింత గాదని, వేచియుండుట ఎంత పాతదో అదియు అంత పాతదని మా యభిప్రాయము.

అయితే అన్ని పనులకును నూరు యోజనములని ముందే తెలిసియుండదు. మన పావగడ తాలూకాలో బోరు వేయించు రైతును చూడని బాలుడు లేడు. బండి వచ్చి నిలుచును. రాడ్డు వెంట రాడ్డు భూమిలోనికి దిగును. రైతు గట్టుమీద కూర్చుండి రాడ్లు లెక్కపెట్టుచుండును. ఎన్ని అడుగులు దిగినదో వానికి దెలియును. నీరు ఎన్ని అడుగులలో నున్నదో మాత్రము దెలియదు. కొన్ని తావుల వేయి అడుగులు దాటినను దుమ్మే పైకి వచ్చును. అట్టివానితో "ఇప్పటికి నూటికి ఎనుబది పాళ్లు అయినది" అని బోరుబండివాడు పలికినచో అది ఓదార్పు కాదు, మోసము. "ఇంకను దిగుచున్నది, రాయి గట్టిగా నున్నది" అనుటయే నిజము. కంప్యూటరునందును ఇట్లే. అంతము తెలిసిన పనికి నిండెడి పట్టీ తగును. అంతము తెలియని పనికి తిరిగెడి గీతయే తగును. తిరిగెడి గీత చెప్పునది ఒక్కటే — "నేను బ్రదికియున్నాను" అని. అంతకంటె ఎక్కువ చెప్పదు, చెప్పరాదు.

ఈ కదలికలన్నియు వట్టి ఆడంబరములని వాదించువారు కలరు. వారి వాదమును తోసివేయుటకు వీలులేదు. ఎన్‌పీఎం అను ప్రసిద్ధమైన ప్యాకేజీ పరికరమున 2016 జనవరిలో ఒక విచిత్రము బయటపడినది. ప్రగతి పట్టీని మాన్పించి చూడగా పని రమారమి సగము కాలములోనే ముగిసినదని కొందరు కొలిచి చూపిరి. పట్టీని మాటిమాటికి చెరిపి వ్రాయుటకే యంత్రము అంత శ్రమపడుచుండెనన్నమాట. మేస్త్రీ గోడ కట్టుట మాని, ఎంత కట్టితినో చెప్పుటకు ఇంటికి పదేపదే పరుగెత్తినట్లున్నది. తరువాత ఆ లోపమును సవరించిరి. కావున పనిని గూర్చిన వార్త పనిని దినరాదు అనునది మా మొదటి నియమము. ఈ నియమము పాఠశాలలకును వర్తించును. నివేదికలు నింపుటయందే దినము గడచిపోవు ఉపాధ్యాయునకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవ నియమము సత్యము. 1985లో బ్రాడ్ మయర్స్ అను పరిశోధకుడు ఎంతపాలు పని యైనదో చూపెడి సూచికలను గూర్చి ప్రయోగము చేసి, జనులు అట్టివానిని కోరుకొందురని తెలిపెను. అంతవరకు మంచిదే. 2007లో క్రిస్ హారిసన్, ఆయన తోడివారు ఇంకొక అడుగు ముందునకు వేసి, తుదిలో వేగము పుంజుకొను పట్టీ జనులకు త్వరగా ముగిసినట్లు తోచునని, తుదిలో ఆగిపోవునది మిక్కిలి విసుగు పుట్టించునని కనుగొనిరి. 2010లో పట్టీపై చారలను వెనుకకు కదలునట్లు చేసినచో కాలము నూటికి 11 పాళ్లు తక్కువగా తోచునని చూపిరి. పని యేమాత్రమును త్వరపడదు. త్వరపడినట్లు మనసు భ్రమించును. ఇట్టి కనికట్టు తప్పా ఒప్పా? బిడ్డకు మందు పోయుచు కథ చెప్పు తల్లి చేసినదియు ఇదియే గదా యని ఒకరు అనవచ్చును. మేము ఒప్పుకొందుము. చారలు ఎటు కదలినను మాకు అభ్యంతరము లేదు. సంఖ్య మాత్రము నిజము పలుకవలెను. కథ తీయగా నుండవచ్చును, మందు మోతాదు మారరాదు.

ఈ సందర్భమున మా యనుభవ మొకటి చెప్పక తప్పదు. మేము ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో ఒక బాలుని ప్రగతి పత్రముపై "బాగుగా చదువుచున్నాడు" అని ప్రతిమారును వ్రాసితిమి. వాని తండ్రి కూలివాడు. సంతకము చేయవచ్చినప్పుడెల్ల ఆయన ముఖమున వెలుగు చూచి, ఆ వెలుగు నార్పుటకు మాకు మనసు రాలేదు. వార్షిక పరీక్షలో బాలుడు తప్పెను. "అయ్యా, బాగా చదువుతున్నాడని మీరే గదా రాస్తిరి" అని ఆ తండ్రి అడిగిన మాటకు నేటికిని మాకు జవాబు దొరకలేదు. ఆనాడు మేము వ్రాసినది కదలికయే గాని ప్రగతి కాదు. నిజము ముందుగా తెలిసియున్నచో ఆయన ఏమైన చేసియుండెడివాడేమో! అబద్ధపు పట్టీ వేచియున్నవానిని సంతోషపెట్టుట లేదు. వాని చేతిలోని కాలమును దొంగిలించుచున్నది.

పరికరములను జేయువారు అన్ని వేళల కావలెనని అబద్ధమాడుట లేదు. ఆప్టు పట్టీ కాలమును గాక మెట్లను లెక్కించును. చిన్న మూటకును పెద్ద మూటకును విప్పుట ఒక మెట్టు, సర్దుట ఒక మెట్టు. అందుచే చిన్నవి పదియు చకచక దాటి, పెద్దది వచ్చినప్పుడు పట్టీ ఒకేచోట నిలిచిపోవును. నిడుగల్లు దుర్గము నెక్కువారికి ఇది తెలియును. మెట్లన్నియు ఒక్క యెత్తున నుండవు. నిలిచినప్పుడు ప్రక్కన ఒక తిరుగుడు గీతయు, "ఇప్పుడు ఫలానా మూటను సర్దుచున్నాను" అను మాటయు తోడైనచో చాలును. పట్టీ, గీత, మాట — ఈ మూడును ఉండిన నాడు మా బాలుడు స్విచ్చి ఆర్పియుండడు, మేమును ఆర్పుమని యుండము.

మూడవ నియమము, అవసరము లేనిచోట మౌనము. చూచువాడు లేనప్పుడు, అనగా ఫలితము తెరపైకి గాక పత్రములోనికి పోవునప్పుడు, మంచి పరికరము దానిని కనిపెట్టి బొమ్మలను మానివేయును. అట్లు మానని పరికరము పత్రమునంతటిని చెత్తతో నింపును. దీనికంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. ఈ కదలెడి గుర్తులలో నేడు విరివిగా వాడబడుచున్నవి బ్రెయిలీ చుక్కలు. అంధులు వ్రేళ్లతో చదువుకొనుటకు ఏర్పడిన లిపిని కన్నులున్నవారి వేడుకకు తిప్పుచున్నారు. తెరను చదివి వినిపించు పరికరముపై ఆధారపడు అంధ విద్యార్థికి ఆ చుక్కలు ఎడతెగని రొదగా వినబడవచ్చును. వారి లిపి వారికే అడ్డు తగులుట ఎంతటి విపరీతము! కావున బొమ్మను ఆర్పుకొను వీలు ప్రతి పరికరమునను ఉండవలెను. ఆ వీలు ఎక్కడ నున్నదో మొదటి పుటలోనే చెప్పవలెను.

ఇక నాలుగవది, మాకు అన్నింటికంటె దగ్గరిది, భాష. మా బాలుడు ఆనాడు ఆంగ్ల వాక్యములను చూచెనే గాని చదువలేదు. వాడు ఇంట తెలుగు పలుకును, అంగడిలో కన్నడము పలుకును. మూడు ప్రక్కల ఆంధ్రసీమ చుట్టుకొన్న ఈ తాలూకాలో అది సహజము. మూడవ భాష వానికి పరీక్షల భాష. బొమ్మకు భాష లేదు గనుక బొమ్మ వానికి మేలు చేసినది. కాని బొమ్మతోనే సరిపుచ్చుకొనుమనుట పిల్లవానికి అన్నము బదులు గిలక్కాయ నిచ్చుటయే. "మూటలు విప్పుచున్నాను, దయచేసి ఆర్పవద్దు" అని ఒక్క తెలుగు వాక్యము తెరపై నుండినచో కథ మరొక విధముగా నుండెడిది.

అట్టి వాక్యమును వ్రాయుట కష్టము కాదు, చూపుట కష్టము. యూనికోడు పట్టికలో 1991 నుండియు తెలుగునకు 128 గదులు కలవు. కాని నల్లతెర టైపు యంత్రపు సంతతి. అక్షరమున కొక గది, అన్ని గదులును ఒకే వెడల్పు. ఆంగ్లాక్షరములు ఆ గదులలో ఇముడును. మన గుణింతములు, వత్తులు అట్లు ఇముడవు. పెక్కు టెర్మినళ్లలో వత్తు ఒకచోట, తల ఒకచోట పడుటయు, పదములు ఒకదానిపై నొకటి ఎక్కుటయు మేము కన్నులార చూచితిమి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" యను మన యక్షరరూప మొకటి ఐఫోనులలో అనువర్తనములను కూలద్రోసినదని లోకమంతయు చెప్పుకొన్నది. ఆ నెలలోనే ఆపిల్ సంస్థవారు 11.2.6 కూర్పుతో దానిని సరిచేసిరి. జ్ఞానము అను మాటలోని తొలి యక్షరమే అంతటి యంత్రమును నిలిపివేసెనని కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. తప్పు అక్షరమునది కాదు. దానిని ఎదురుచూడని శిల్పిది.

హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవంటివారు స్వేచ్ఛా సాఫ్టువేరును తెలుగులోనికి దెచ్చుటకు పాటుపడిరి. ఈ పని పట్నములవారికే విడువదగినది కాదు. ఎల్లలలో నుండు మనకే దీని యవసరము ఎక్కువ. మేము అనంతపురమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, తెలుగు చదివినవానికి యంత్రములతో పనిలేదని గట్టిగా నమ్మితిమి. ఆ నమ్మకము తప్పని ఒక తొమ్మిదవ తరగతి బాలుడు మాకు నేర్పెను. పరికరములు పలుకు వాక్యములను మంచి తెలుగున చెప్పుటకు వ్యాకరణము తెలిసినవాడు కావలెను. వానిని తెరపై నిలుపుటకు గణితము తెలిసినవాడు కావలెను. ఈ పాఠశాలలో రెండును బోధింపబడుచున్నవి.

విద్యార్థులారా! మన తాలూకా తిరుమణి పరిసరములలో 2050 మెగావాట్ల సూర్యవిద్యుత్తు నిచ్చు క్షేత్రమున్నది. ఎండ తప్ప మరేమియు లేదనుకొన్న నేల నేడు దేశమునకు వెలుగు నిచ్చుచున్నది. మీలో ఒకరు రేపు ఇట్టి పరికరమును జేయవచ్చును. అప్పుడు ఈ నాలుగు మాటలు జ్ఞప్తి యుంచుకొనుడు: వార్త పనిని దినరాదు, సంఖ్య బొంకరాదు, అక్కరలేనిచోట నోరు మూయవలెను, పలికినప్పుడు ఎదుటివాని భాషలో పలుకవలెను. తెర ముందు ఎవరో ఒక బాలుడు, పాత యంత్రము నొద్ద, స్విచ్చిపై చేయి వేసి వేచియుండును. వానికి ఒక మాట చెప్పి లోనికి పొండు.